బోడగుట్ట దిగిన డ్రైవరు

దేవరకొండ బస్టాండులో ఆ ఉదయం మా బస్సు కదలడం ఆలస్యమైంది. మనుషులు నిండారు, టికెట్లు కొట్టేశాను, డ్రైవరు సీటు మాత్రం ఖాళీ. దిగి వెతికితే మా డ్రైవరు వెంకటరాజం బస్సు వెనకాల గొంతుక్కూర్చొని ఉన్నాడు. ఎవరిదో సైకిలు ముందు చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పుతున్నాడు. అది తిరిగి తిరిగి ఆగేదాకా చూసి, మళ్లీ తిప్పుతున్నాడు.

అలాంటి సైకిలు మా దారిలో అంతకుముందు నేను చూడలేదు. టైర్లు మోపెడు టైర్లంత లావున్నాయి, వాటి మీద ట్రాక్టరు టైరుకున్నట్టు గుబ్బలు. ముందు మోటారుసైకిలుకున్నట్టు షాకబ్జర్లు. మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు, గంట లేదు, చివరికి స్టాండు కూడా లేదు. దాని పక్కన నవ్వుతూ నిలబడ్డ మనిషిని నేను గుర్తుపట్టాను. పేరు డానియల్. ఊళ్లో ఒక సర్కారు బడిలో ఆటలు నేర్పే సారు. సైకిలును వెనక డిక్కీలో వేసుకొని డిండి వైపు వస్తానని అడగడానికి నిలబడ్డాడట.

"సారూ, స్టాండు లేకుంటే దీన్ని ఎట్ల నిలబెడ్తరు?" అని రాజం అన్న అడుగుతున్నాడు.

"నిలబెట్టం అన్నా. పండబెడ్తం."

"మరి గంట?"

"గుట్ట మీద గంట ఎవలికి కొట్టాలె?"

"గుట్ట మీదనా? గీ సైకిల్ మీద గుట్ట ఎక్కుతరా?"

"ఎక్కేటప్పుడు నూకుకుంట పోతం. దిగేటప్పుడే సైకిల్ మీద."

రాజం అన్న చక్రాన్ని వదిలేసి లేచి నిలబడ్డాడు. "దిగుడా!" అన్నాడు. ఆ తర్వాత నేను రెండుసార్లు పిలిస్తే గాని వచ్చి సీట్లో కూర్చోలేదు.

నా పేరు సుమన. దేవరకొండ నుంచి శ్రీశైలం పోయే ఆ బస్సులో కండక్టరుని. వెంకటరాజం పక్కన నిలబడి చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి, ఆయన ఆ 'దిగుడు' అనే మాట దగ్గర ఎందుకు ఆగిపోయాడో నాకు కొంత తెలుసు.

ఆయనది చౌటుప్పల్ దగ్గర ఒక ఊళ్లో నేత కుటుంబం. తండ్రి మగ్గం గుంతలో కూర్చొని నేస్తుంటే, పిల్లవాడు కిందికి దూరి ఏ తొక్కుడుకర్ర తొక్కితే ఏ దారాలు లేస్తున్నాయో చూస్తూ గంటలు గడిపేవాడట. "వానికి బట్ట వద్దు, ఆ బట్ట ఎట్లయితాందో కావాలె" అని వాళ్లమ్మ నర్సింగమ్మ ఇప్పటికీ అంటుంది. తర్వాత ఊళ్లో చాలామంది మగ్గాలు విడిచి మందుల ఫ్యాక్టరీల వైపు పోతే, ఈయన లారీ క్లీనరుగా చేరి, స్టీరింగు పట్టి, చివరికి ఆర్టీసీలో కుదిరాడు. దేవరకొండలోనే ఇల్లు కట్టుకున్నాడు. భార్య రమ ఇంట్లోనే బట్టలు కుడుతుంది.

మా దారిలో దోమలపెంట దాటాక రోడ్డు కృష్ణా నది వైపు పడిపోతుంది. మలుపు మీద మలుపు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్కడ రాజం అన్న బస్సును చిన్న గేర్లో వేసి, పసిపిల్లను మెట్లు దింపినట్టు దింపుతాడు. కొత్త డ్రైవర్లు బ్రేకు అదేపనిగా తొక్కితే లైనర్లు కాలిన వాసన వస్తుంది. ఈయన బస్సులో ఆ వాసన నేనెప్పుడూ ఎరగను. ఒక మనిషికి దెబ్బ తగిలిందన్న మాట కూడా ఎరగను.

ఒకసారి ఘాటు దిగి, కింద టీ తాగుతూ నాతో అన్నాడు: "సుమనా, ఈ బండి రోజూ నన్ను అడుగుతది, జర ఇడిసిపెట్టు అని. నేను రోజూ వద్దంట. ఇడిస్తె ఎట్లుంటదో ఈ జన్మల సూడనేమో."

నేను వెంటనే అందుకున్నాను. "అన్నా, వెనక యాభై మంది ఉన్నరు!"

"అందుకే గదా సూడలేంది" అని నవ్వి గ్లాసు పెట్టేశాడు.

కాబట్టి డానియల్ సారు సైకిలుతో ఆయనకు ఒక సందు దొరికినట్టయింది. ఆ రోజు డిండి రాకముందే సారును ముందు సీట్లోకి పిలిపించుకొని ప్రశ్నలు మొదలుపెట్టాడు. కుడి చేతిది ఏ బ్రేకు? నూనెతో పనిచేస్తుందా, తీగతోనా? రాయి తగిలితే షాకబ్జరు ఎంత లోపలికి పోతుంది? సారు ఓపిక ఉన్న మనిషి. అన్నిటికీ జవాబిచ్చి చివరికి, "అన్నా, అడిగితే తెల్వది. ఆదివారం రా" అన్నాడు.

డిండి రోడ్డు మీంచి లోపలికి పోతే బోడగుట్ట. పేరుకు తగ్గట్టు పైన చెట్టు లేదు, పెద్ద పెద్ద నల్లబండలు, సందుల్లో తుమ్మ, బలుసు పొదలు. డానియల్ సారూ, ఇంకో ముగ్గురు నలుగురూ మేకల దారులనే కలుపుకొని పైనుంచి కిందిదాకా ఒక దారి చేసుకున్నారు. రాజం అన్న మొదటి ఆదివారం ఖాకీ ప్యాంటు, డ్యూటీ బూట్లతోనే పోయాడు. అక్కడ జరిగిందంతా మరునాడు బస్సు కదలకముందే నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

కింది వాలులో, అంటే ఎడ్లబండి కూడా దిగగలిగే చోట, సారు ఆయనను సైకిలెక్కించాడు. చక్రాలు కదలగానే రాజం అన్న రెండు బ్రేకులూ బిగబట్టాడు. ముందు చక్రం టక్కున ఆగింది, వెనకది గాల్లోకి లేచింది, మనిషి హ్యాండిలు మీదుగా పోయి ఎర్రటి మొరం కంకరలో పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురొస్తోంది. లేవదీయడానికి ఉరికొచ్చిన సారును ఆయన అడిగిన మొదటి మాట: "ముందుది ఆగితే వెనకది ఎందుకు లేసింది?"

నడపడం తనకు తెలుసన్న ధీమాతో పోయిన మనిషికి, ఆ తెలిసిందే అడ్డమొచ్చింది. డ్రైవరంటే కూర్చొని నడిపేవాడు. ఇక్కడ కూర్చోవద్దంటారు. పెడళ్ల మీద నిలబడి, మోకాళ్లు మడిచి, నడుము వెనక్కి పెట్టి, కొంగలా ఒదిగి ఉండాలి. డ్రైవరు బండికి దగ్గరగా ఏముందో కూడా చూసుకుంటాడు. ఇక్కడ చక్రం ముందున్న రాయిని చూస్తే ఆ రాయికే పోయి గుద్దుకుంటావు, దూరం చూడమంటారు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. మలుపు వచ్చిన ప్రతిసారీ ఆయన తల కుడివైపు తిరుగుతోంది, సైకిలు దారి తప్పుతోంది.

"అన్నా, అటేం సూస్తున్నవ్?" అని సారు అడిగాడట.

"అద్దం."

"సైకిల్‌కు అద్దం లేదన్నా."

"లేదని ఎరుకే సారూ. కన్ను పోతాంది."

ఇది చెప్పి రాజం అన్న స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. ముందు సీట్లలో కూర్చున్న ఆడవాళ్లూ నవ్వారు. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు తీసేసిన మొదటి చలికాలం అది. రోజూ ఎక్కేవాళ్లు ఎక్కువై, మా బస్సులో ఒకరి ముచ్చట అందరి ముచ్చట అయిపోయేది. సోమవారం వచ్చిందంటే, "డ్రైవరన్నా, నిన్న ఎన్నిసార్లు పడ్డవే?" అని అడిగేవాళ్లు తయారయ్యారు. ఆయన కూడా దాచకుండా ఎక్కడ పడిందీ, ఎందుకు పడిందీ చెప్పేవాడు. పడ్డానన్న బాధ ఆ గొంతులో ఉండేది కాదు. చెడిపోయిన ఇంజను విప్పి లోపలేముందో చూపిస్తున్న మెకానిక్కులా ఉండేది.

ఆదివారాలు గడిచాయి. పడడం తగ్గింది. మలుపుకు ముందే బ్రేకు పట్టి, మలుపులో వదలాలన్నది మాత్రం ఆయనకు తొందరగా ఒంటబట్టింది, ఘాటు మీదా అంతే కాబట్టి. కానీ డానియల్ సారు ఒక మాట పదే పదే అనేవాడు: "అన్నా, నువ్వు దిగుతలేవు. సైకిల్‌ను మోసుకొస్తున్నవ్." వేళ్లు బ్రేకుల మీది నుంచి లేచేవి కావు. దిగేసరికి అరచేతులు కొయ్యబారిపోయేవి. ఇంటికి పోయి అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్లు తెరుచుకునేవి కావట.

మాఘమాసంలో హైదరాబాదు నుంచి ఒక సైకిలు క్లబ్బు వాళ్లు వచ్చి గుట్టను చూసి, ఇక్కడ దిగుడు పోటీ పెడదామన్నారు. కుర్రవాళ్లకు వేరే, ఆడవాళ్లకు వేరే, నలభై దాటినవాళ్లకు వేరే. రాజం అన్న తన పేరు ఇచ్చాడు. డానియల్ సారు తన పాత సైకిలు, మూతి కూడా కప్పే హెల్మెట్టు ఇస్తానన్నాడు.

ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నాను, జాకెట్టు కుట్టించుకోవడానికి పోయి. రమ మిషను తొక్కడం ఆపి మొగుడి వైపు చూసింది.

"గెలుస్తవా?"

"యాడ గెలుస్తనే. అండ్ల పోటీకి వచ్చేటోళ్లు ఎసొంటోళ్లు."

"మరెందుకు?"

"పైనుంచి కిందిదాంక ఒక్కపారన్న ఆగకుంట దిగితే ఎట్లుంటదో సూద్దామని."

నర్సింగమ్మ గడప దగ్గర కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. "నడుము ఇరిగితే బస్సు ఎవలు నడుపుతరు రా?" అంది. రమ మెడలోని టేపు తీసి, "కాలు చాపు" అని, మోకాలి చుట్టూ కొలత పట్టింది. పాత మోటారుసైకిలు సీటులోని స్పాంజి, పైన దళసరి రెగ్జిను వేసి మోకాళ్లకూ మోచేతులకూ తొడుగులు కుట్టింది. నా జాకెట్టు ఆ వారం కాలేదు.

పోటీ రోజు నాకు వీక్లీ ఆఫ్. మా బస్సులో రోజూ ఎక్కే కూలి ఆడవాళ్లు ఆరేడుగురు, "టికెట్టేం లేదు గదా, సూసొద్దాం పా" అంటూ కదిలారు. గుట్ట కింద షామియానా వేశారు, మైకు పెట్టారు. చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి జనం వచ్చారు. ఇంతకాలం మేకలు తప్ప ఎవరూ తిరగని గుట్టకు ఇంతమంది ఎందుకొచ్చారో చూడ్డానికే సగం మంది వచ్చారు. దారి పొడవునా అటూ ఇటూ ఎర్రటి రిబ్బను కట్టారు. పైన చెక్క పలకలతో చిన్న అరుగులాంటిది కట్టారు. ఒకరి తర్వాత ఒకరిని దాని మీంచి వదులుతారు, కింద టైము చూస్తారు.

నేను సగం గుట్ట దాకా ఎక్కి, అక్కడ కొంచెం చదునుగా ఉన్న చోట బండ మీద కూర్చున్నాను. దారి పైనుంచి మొరం వాలులో జారుకుంటూ వచ్చి, ఆ చదును మీదుగా పోయి, కింద 'మెట్టుబండ' అని సారువాళ్లు పిలిచే రాయి దగ్గర నిలువెత్తున ఏటవాలుగా పడిపోతుంది. నాకు కొంచెం దూరంలో, రిబ్బనుకు ఆనుకొని, చేతికర్రతో ఒక ముసలామె నిలబడి ఉంది. పేరడిగితే మల్లమ్మ అంది. ఆ గుట్ట మీద మేకలు కాసేది ఆమే. కుర్రవాళ్లు ఒక్కొక్కరే రాళ్ల మీద చప్పుడు చేసుకుంటూ మా ముందు నుంచి దూసుకుపోతుంటే, నోరు తెరిచి చూస్తోంది. ఒకడు మెట్టుబండ మీంచి గాల్లోకి లేచినప్పుడు, "వామ్మో, పోయిండు!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. వాడు కింద చక్రాల మీదే దిగి పోతుంటే ఇంకా ఆశ్చర్యపోయింది.

పైన రాజం అన్న పరిస్థితి తర్వాత తెలిసింది. వరుసలో ఆయన ముందున్న మనిషి విజేందర్, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం, ఒంటి నిండా మంచి మంచి సామాను. ఆ విజేందర్ హెల్మెట్టు పట్టీని బిగించి, విప్పి, మళ్లీ బిగించడం ఈయన చూశాడు.

"సారూ, మీకు గూడ భయమయితదా?"

"ప్రతిసారీ అవుతుందన్నా."

"గట్లయితే ఎందుకొస్తరు?"

విజేందర్ సైకిలును అరుగు వైపు జరుపుకున్నాడు. "అది తెలుసుకుందామనే మళ్లీ మళ్లీ వస్తున్నా" అని, తన వంతు రాగానే పలకల మీంచి దూకి పోయాడు.

తర్వాత రాజం అన్న. అరుగు మీద నిలబడితే డిండి నీళ్లు దూరంగా తళతళ మెరుస్తున్నాయి, కింద షామియానా అగ్గిపెట్టెంత ఉంది. వదిలారు. మొదటి బండ పరుపు మీద ఆయన ప్రాణమంతా పది వేళ్లలోకి వచ్చింది. బ్రేకులు పట్టాడు, వదిలాడు, మళ్లీ పట్టాడు. ప్రతి రాయీ మోచేతుల గుండా పళ్లలోకి వచ్చి కొడుతోంది. మొరం వాలులో వెనక చక్రం పక్కకు జారి, కాలు నేలకు ఆనించి, ఎలాగో పడకుండా నిలదొక్కుకున్నాడు. "బండి మొత్తం గిలగిల కొట్టుకుంటాంది సుమనా, నాకు కోపమొచ్చింది దాని మీద" అని చెప్పాడు.

నాకు ఆయన కనిపించింది అప్పుడే. మొరం వాలు చివరి నుంచి, కర్రలా బిగుసుకుపోయి వస్తున్నాడు. రమ కుట్టిన నల్ల తొడుగులు చూసి గుర్తుపట్టాను. మా ఆడవాళ్లంతా "డ్రైవరన్నా! డ్రైవరన్నా!" అని కేకలు పెట్టారు. ఆ గోలలో మల్లమ్మ కూడా తన చేతికర్రను ఎడమచేతిలోకి మార్చుకొని, కుడిచెయ్యి పైకెత్తింది.

వెంకటరాజం ఆగిపోయాడు.

పడలేదు, జారలేదు. చక్కగా, వరుసగా బ్రేకు తగ్గించుకుంటూ వచ్చి, మల్లమ్మకు ఎడంచేతి పక్కగా, బస్సయితే సరిగ్గా తలుపు ఆమె ముందుకొచ్చేంత దూరంలో సైకిలు నిలిపాడు. కాలు కింద పెట్టాడు. ఒక్కసారి కుడివైపు, లేని అద్దంలోకి చూశాడు. తర్వాత ముసలామె వైపు తిరిగి హెల్మెట్టులోంచి అడిగాడు:

"ఎటు పోవాలె అవ్వా?"

మల్లమ్మ వెంటనే దగ్గరికి జరిగింది. ఇంతసేపూ ఎవరైనా ఆగితే అడగాలని కాచుకొని ఉన్నట్టుంది. "నేనెటు బోను బిడ్డా. మీరంత గింత ఉరుకులాడుకుంట యాడికి పోతున్నరు? కింద ఏమన్న పంచుతున్నరా?"

"ఏం పంచుతలేరవ్వా."

"మరి?"

"ఊకనే. పైనుంచి కిందికి పోతున్నం, గంతే."

"ఊకనేనా!" ఆమె ఆయనను పైనుంచి కిందిదాకా చూసింది, గుబ్బల టైర్లను చూసింది, పైన గుట్ట కొసను చూసింది. "నా మేకలు గూడ ఊకనే దిగయి కద బిడ్డా, కింద మేతుంటెనే దిగుతయి."

ఆయన దానికి ఏం చెప్పాలా అని నిజంగానే ఆలోచిస్తున్నాడు. టైము కరిగిపోతోంది. పైనుంచి వచ్చే తర్వాతి మనిషిని వదిలేశారేమోనని నాకు భయం పట్టుకుంది. అరిచినా ఆయనకు వినబడడం లేదు. ఇక నాకు తెలిసినదొక్కటే. బండ మీద లేచి నిలబడి, గొంతు చించుకొని, "రైట్! రై...ట్!" అని కేక వేశాను.

ఎవరో తోసినట్టు కదిలాడు. కాలు పెడలు మీదికి పోయింది, సైకిలు ముందుకు ఉరికింది. అప్పుడు గాని తానేం చేశాడో ఆయనకు తట్టలేదు. పోటీ మధ్యలో బస్సు ఆపినట్టు ఆపాడు! ప్యాసింజరుతో ముచ్చట పెట్టాడు! ఆయనకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, పొట్టలోంచి పొర్లుకొచ్చే నవ్వు. హెల్మెట్టులో మోగుతున్న ఆ నవ్వు మా దాకా వినిపించింది.

నవ్వేవాడు బిగుసుకొని ఉండలేడు కదా. భుజాలు కిందికి దిగాయి, మోచేతులు వదులయ్యాయి. వేళ్లు ఎప్పుడు తెరుచుకున్నాయో ఆయనకే తెలియదు. చూస్తుండగానే సైకిలు వేగం అందుకుంది. మెట్టుబండ దగ్గర పక్కనుంచి పోయే సులువు దారి ఒకటుంది, అటే పోతానని ముందురోజు సారుకు మాటిచ్చాడు. ఆ దారి ఎడమకు చీలే చోటును ఆయన చూడనే లేదు. నేరుగా బండ అంచుకు పోయాడు. నేను కళ్లు మూసుకున్నాను. టప్పుమని చప్పుడు వినబడి తెరిచి చూసేసరికి, రెండు చక్రాలూ నేల మీదున్నాయి. రాజం అన్న కొంగలా ఒదిగి, కింది వాలు మీద పోతున్నాడు. ఆ వాలు మొత్తం ఒక్కసారి కూడా బ్రేకు పట్టలేదని, కింద నిలబడ్డ డానియల్ సారు తర్వాత చెప్పాడు.

చివరి గీత దాటాడు. దాటాక ఆగాలి కదా. అవతల జొన్న కోసిన చేను. కొయ్యకాళ్ల మీద బ్రేకు పట్టేసరికి సైకిలు ఒక పక్కకు, మనిషి ఒక పక్కకు పోయారు. నేను గుట్ట దిగి ఉరికెళ్లేసరికి, వెల్లకిలా పడుకొని ఆకాశం చూస్తున్నాడు. సారు హెల్మెట్టు విప్పుతున్నాడు. ఎడమచేతి మణికట్టు అప్పటికే వాస్తోంది.

"అన్నా, నొప్పి ఉన్నదా?" అన్నాను.

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. "చప్పుడు తగ్గింది సుమనా."

"ఏం చప్పుడు?"

"బ్రేకు పట్టుకున్నంతసేపు బండి ఒకటే కొట్టుకున్నది. ఎముకలన్ని ఇరిగినట్టు. ఇడిసినంక చప్పుడు లేదు. రాళ్లు అవే, గుట్ట అదే. ఊగుతలేదు గూడ. ఇంక నిమ్మలమైంది." సారు వైపు తిరిగాడు. "గట్ల ఎందుకయితది సారూ?"

డానియల్ సారు నవ్వి, "వేగం మీదుంటే చక్రం ప్రతి గుంతల పడదన్నా, మీద మీదికెళ్లే పోతది" అన్నాడు. రాజం అన్న ఆ జవాబును అలాగే పట్టుకొని, పడుకొనే, చాలాసేపు ఆలోచించాడు.

సాయంత్రం షామియానా కింద మైకులో పేర్లు చదివారు. నలభై దాటినవాళ్లలో వెంకటరాజం కడపటివాడు. మధ్యలో ఆగిన సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. విజేందర్ వచ్చి భుజం తట్టి, "ఆగిన టైము తీసేసి లెక్క వేయమని అడుగుదామా అన్నా?" అన్నాడు. "ఆపింది నేనే గద సారూ. ఆమె చెయ్యెత్తింది" అన్నాడు ఈయన. దానికి అక్కడున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో ఆయనకు అర్థమైనట్టు లేదు, తనూ కొట్టబోయి, వాచిన చెయ్యి నొప్పి పుట్టి ఆగిపోయాడు.

దేవరకొండ దవాఖానలో ఫొటో తీసి ఎముక విరగలేదన్నారు. పట్టీ కట్టి, కొన్నాళ్లు స్టీరింగు పట్టొద్దన్నారు. డిపోలో సెలవు అడిగినప్పుడు కారణం ఉన్నదున్నట్టే చెప్పాడట. విన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకొని, సెలవైతే ఇచ్చారు. ఇంట్లో నర్సింగమ్మ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే కొడుకుకు అన్నం కలిపి పెడుతూ, "ఆ బండ మీంచి దుంకితే కడుపుల ఎట్లున్నది రా?" అని మెల్లగా అడిగిందని రమ నాకు చెప్పింది.

ఆయన లేని ఆ రోజుల్లో బస్సును వేరే డ్రైవరు నడిపాడు. ముందు సీట్ల ఆడవాళ్లు అతన్ని కూడా, "నువ్వు గుట్ట దిగుతవా?" అని అడిగి హడలగొట్టారు.

తర్వాతి ఆదివారం నేను సారు దగ్గర పని ఉండి బోడగుట్టకు పోయాను. పట్టీ కట్టిన చెయ్యి ఎదకు ఆనించుకొని రాజం అన్న, ఆయన వెనకాల చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని రమ, పైనుంచి కాలినడకన దిగి వస్తున్నారు. దారి మొత్తం ఆమెకు చూపిస్తున్నాడు. ఇక్కడ జారింది, ఇక్కడ కాలు ఆనించింది, ఈ పొద ముల్లే చొక్కా చింపింది. ఆమె ఊరికే వినడం లేదు. ప్రతి చోటా ఆగి, "గిక్కడ చక్రం ఎటు తిప్పినవ్?" "మరి గీ రాయి?" అని అడుగుతోంది.

మెట్టుబండ దగ్గరికి వచ్చారు. రమ అంచున నిలబడి కిందికి తొంగి చూసింది.

"గింతెత్తు నుంచి దుంకినవా?"

"దుంకలే. సైకిలే దిగింది. నేను మీదున్న."

ఆమె నమ్మలేనట్టు చూసి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకొని, బండ అంచున కూర్చుంది. బండ ఎండకు వెచ్చగా, కాలంతో అరిగి నున్నగా ఉంది. "పట్టుకోవాల్నా?" అని రాజం అన్న బాగున్న చెయ్యి చాపాడు. "వద్దు, నువ్వు జరుగు" అని, రమ రెండు చేతులూ పైకెత్తి జర్రున కిందికి జారింది. మట్టిలో కూలబడి, వెనక్కి తిరిగి ఆ బండను ఒకసారి పైదాకా చూసుకుంది. తర్వాత లేచి, చీర దులుపుకోకుండానే, మళ్లీ పైకి ఎక్కడానికి దారి ఎటుందని అడిగింది.